పాత కారు టెయిల్ లైటు పగిలిందా? ఇంట్లోనే మార్చుకోండి

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా పార్కింగు పిల్లరు పక్కనే. ఏళ్ల తరబడి అక్కడే పెడుతున్నాను, అయినా ఒక రాత్రి రివర్స్ తీస్తూ ఆ పిల్లరు సంగతే మర్చిపోయాను. అప్పడం విరిగినట్టు కరకరమని చప్పుడు. దిగి చూస్తే బంపర్ మీద చిన్న గీత, అంతే. క్లీనర్ సైడ్, అంటే ఎడమ వైపు, టెయిల్ లైటు మాత్రం సగం కారుకి ఉంది, సగం నేల మీద ఉంది.

కారు 2008 మోడల్ ఆల్టో. ఈ లైట్లకి ఉండేదాన్ని అందరం గ్లాసు అంటాం గానీ అది అక్రిలిక్ ప్లాస్టిక్. పదీ పదిహేనేళ్లు ఎండలో నిలబడ్డ కారుకి అది పెళుసెక్కి ఉంటుంది. కొత్తలో గీతతో పోయే దెబ్బకి ఇప్పుడు ముక్కలవుతుంది. కాబట్టి పాత కారు ఉన్నవాళ్లకి ఈ పని ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. లైటు విప్పి కొత్తది బిగించడం చేయి తిరిగితే ఇరవై నిమిషాలు, మొదటిసారి అయితే గంట. కానీ కొత్త లైటు కంటికి బాగానే ఉండి బ్రేకు నొక్కినప్పుడు వెలగకపోతే ఆ సంగతి మీకు తెలియదు. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడు తన టెయిల్ లైటుని ఎప్పుడూ చూడడు కదా. మొదటిసారి నేను బోల్తా పడింది అక్కడే. ఆ కథ కింద చెప్తాను.

ముందు ఆ రాత్రికి

నేల మీది ముక్కలన్నీ ఏరేయండి. పొద్దున్నే పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోటు. పెద్ద ముక్కలు మాత్రం పారేయకుండా ఒక కవర్లో వేసుకోండి, షాపులో పనికొస్తాయి. లైటుకి మిగిలిన కన్నం మీద ప్లాస్టిక్ కవర్ వేసి టేపు అంటిస్తే వాన నీళ్లు, పురుగులు లోపలికి పోవు.

ఈలోపు చాలామంది చేసే పనొకటి ఉంది: పగిలిన చోట ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించడం. చూడడానికి ఎర్రగానే ఉంటుంది. కానీ రేడియం స్టిక్కర్ బయటి వెలుగుని తిప్పి కొడుతుంది, లోపలి బల్బు వెలుగుని బయటికి రానివ్వదు. ఒకట్రెండు రోజులు గడవాలంటే పగుళ్లకి వేసే పారదర్శకమైన ఎర్ర టేపు విడిగా దొరుకుతుంది, అది వాడండి. ఫెవిక్విక్‌తో ముక్కలు అంటించాలనీ చూడకండి. దాని ఆవిరికి చుట్టూ తెల్లగా మసకబారుతుంది, పైగా రెండు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి ఊడిపోతుంది.

కన్నంతోనే నడిపేద్దాం అనుకుంటే, అందులోంచి వెనకవాడికి తెల్ల వెలుగు కనిపిస్తుంది. చీకట్లో తెల్ల వెలుగంటే ఎదురుగా వస్తున్న బండి, లేకపోతే రివర్స్ వస్తున్న బండి. రెండూ కానప్పుడు వాడు తికమక పడతాడు. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ ప్రకారం వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. 15 ఏళ్లు దాటిన కారుకి ఆర్‌సీ రెన్యువల్ చేయించబోతున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మొదట చూసేవాటిలో లైట్లు ఉంటాయి.

ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేద్దామా అని అడుగుతారు కొందరు. థర్డ్ పార్టీ పాలసీ అయితే ఆ మాటే లేదు. ఫుల్ పాలసీ అయినా 1500 సీసీ లోపు కార్లకి మొదటి 1000 రూపాయలు మనమే పెట్టుకోవాలి, పైగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక్క లైటు కోసం ఆ లెక్క ఎటూ గిట్టదు.

షాపులో ఏమని అడగాలి

"ఆల్టో టెయిల్ లైటు ఇవ్వండి" అంటే సరిపోదు. ఆల్టో 2000లో వచ్చింది. 2010లో కె10, 2012లో ఆల్టో 800 వచ్చాయి. వీటి లైట్లు ఒకదానివి ఒకదానికి పట్టవు. ఏ కారుకైనా ఇలాంటి చిక్కే ఉంటుంది. పేరు ఒకటే, రూపం మూడు సార్లు మారి ఉంటుంది. అందుకని ఆర్‌సీలో ఉన్న తయారీ సంవత్సరం, నెల చెప్పండి. ఇంకా మంచిది, పాత లైటునే విప్పి తీసుకెళ్లండి. ముక్కలు దాచమన్నది అందుకే. వాటి మీద అచ్చు పోసిన నంబరు, కంపెనీ పేరు చూసి షాపతను ఇట్టే పట్టేస్తాడు.

ఇక పక్క సంగతి. డ్రైవర్ సైడ్, క్లీనర్ సైడ్ అని అడిగితే ఏ షాపులోనైనా తప్పు జరగదు. లైటు వెనక ఆర్‌హెచ్ అని ఉంటే డ్రైవర్ సైడ్, ఎల్‌హెచ్ అని ఉంటే క్లీనర్ సైడ్.

మీకు మూడు రకాలు చూపిస్తారు. కారు కంపెనీ డబ్బాలో వచ్చేది మొదటి రకం. డబ్బా మీద ఎమ్మార్పీ, పార్ట్ నంబరు ఉంటాయి. రెండోది, కార్ల కంపెనీలకి లైట్లు చేసి ఇచ్చే లూమాక్స్ లాంటి పేరున్న తయారీదారులు తమ సొంత డబ్బాలో బయట అమ్మేది. మూడోది ఏ పేరూ లేని లోకల్ సరుకు. నా ఓటు రెండోదానికి. లోకల్ దాంట్లో ఎరుపు లేతగా ఉంటుంది, స్క్రూ కన్నాలు ఒక నూలు అటూ ఇటూ ఉంటాయి, బిగించాక బాడీకి లైటుకి మధ్య సందు కనిపిస్తుంది. ఆ సందులోంచే వాన నీళ్లు దూరతాయి.

కారు మరీ పాతదై కొత్త పార్టు దొరక్కపోతే సెకండ్ హ్యాండ్ లైటు వెతకాలి. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ తిరిగితే దొరికే అవకాశం ఎక్కువ. అలా కొనేటప్పుడు ఎండకి పట్టుకుని లోపలికి చూడండి. వెండి పూత నల్లబడినా, రేకులు లేచినా వద్దు. స్క్రూ పట్టే చెవులు విరిగాయేమో, ఎవరైనా అంటించారేమో వేలితో తడిమి చూసుకోండి. రెండు వైపులవీ కలిపి మార్చాలా అన్నది మీ ఇష్టం. ఒకవైపు కొత్తది మెరుస్తూ, రెండో వైపు పాతది వెలిసిపోయి ఉంటే కారు ఒక కన్ను ఎర్రబడ్డ మనిషిలా ఉంటుంది. నాకైతే పట్టింపు లేదు.

కొత్త లైటు చాలావరకు బల్బులు, హోల్డర్లు లేకుండా ఒట్టి డొల్లగా వస్తుంది. అడిగి తెలుసుకోండి. లేకపోతే బల్బులు కూడా అక్కడే కొనేయండి.

విప్పడం

కావాల్సినవి: మంచి స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబర్ పానా, పాత గుడ్డ, చిన్న ఉప్పు కాగితం ముక్క, టార్చి, స్క్రూలు వేసుకోడానికి ఒక గిన్నె. గిన్నె అన్నానని నవ్వకండి, సెల్లార్‌లో జారిన స్క్రూ నేరుగా డ్రైనేజీ జాలీలోకే పోతుంది.

కారు చదును నేల మీద పెట్టి హ్యాండ్ బ్రేకు లాగండి. లైట్లన్నీ ఆపి తాళంచెవి తీసేయండి. బ్యాటరీ మైనస్ వైపు క్లాంపుని 10 నంబర్ పానాతో వదులు చేసి పక్కకి పెట్టండి. బల్బు ఒక్కటే మార్చేటప్పుడు నేను ఇంత చేయను గానీ, పగిలిన లైటులో తీగలు బయటపడి ఉంటాయి. ఒక తీగ బాడీకి తగిలిందంటే ఫ్యూజు పోతుంది. స్టీరియోకి కోడ్ ఉంటే ముందే రాసుకోండి.

ఇప్పుడు డిక్కీ డోరు ఎత్తండి. నా ఆల్టోకి, ఇలాంటి చాలా చిన్న కార్లకి, డోరు ఎత్తగానే లైటు లోపలి అంచున ఒకదాని కింద ఒకటి రెండు స్క్రూలు కనిపిస్తాయి. మొత్తం లైటుని పట్టి ఉంచేవి అవే. డిక్కీ విడిగా ఉండే సెడాన్లలో ఎక్కువవాటికి బయట ఏమీ కనిపించదు. డిక్కీ లోపల కార్పెట్ లాంటి లైనింగుని పక్కకి మడిస్తే లైటు వెనక నట్లు ఉంటాయి, వాటికి సన్నటి గొట్టం పానా కావాలి.

పాత కారు స్క్రూ అంటే తుప్పు ఖాయం. తొందరపడి తిప్పితే తల అరిగి గుండ్రంగా అయిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు తప్ప దారి లేదు. ముందు తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి, లేకపోతే రెండు చుక్కలు కిరోసిన్ వేసి ఓ పావుగంట టీ తాగిరండి. తర్వాత స్క్రూడ్రైవర్ని గాడిలో నిలువుగా పెట్టి వెనక సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేయండి. తుప్పు పట్టు వదులుతుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ మీద ఒంటి బరువు వేసి మెల్లగా ఎడమకి తిప్పాలి. బలం ముప్పాతిక వంతు నొక్కడానికి, పావు వంతు తిప్పడానికి.

స్క్రూలు రెండూ వచ్చాక కూడా లైటు రాదు. బయటి అంచున ప్లాస్టిక్ మేకులు బాడీలోని బుష్షుల్లో ఇరుక్కుని ఉంటాయి. చాలామంది ఇక్కడే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తుతారు, పెయింటు లేచిపోతుంది. అలా కాదు. రెండు చేతులతో లైటుని పట్టుకుని, పక్కకి గుంజకుండా, నేరుగా కారు వెనక్కి, మీ వైపుకి లాగండి. టక్కున వస్తుంది. వచ్చాక చెయ్యి వదిలేయకండి, తీగలకి వేలాడుతూ ఉంటుంది. తీగల కప్లర్‌కి ఉన్న చిన్న నాలుకని వేలితో నొక్కి విడదీయండి. కప్లర్ లేకపోతే ఒక్కో హోల్డర్ని ఎడమకి పావు చుట్టు తిప్పి బయటికి లాగండి. ముందు ఫోన్లో ఒక ఫోటో తీసుకోవడం మర్చిపోకండి, ఏ రంగు తీగ ఏ గదిలోకి వెళ్లిందో తర్వాత గుర్తుండదు.

హోల్డర్లు, బల్బులు, ఎర్తు

నేను మొదటిసారి ఇక్కడ పది నిమిషాలు ఆదా చేద్దామనుకున్నాను. పాత హోల్డర్లు తీసి కొత్త లైటులో తిప్పేశాను. టెయిల్ లైటు వెలిగింది, ఇండికేటర్ కొట్టింది, సంతోషంగా పైకి వెళ్లిపోయాను. రెండు వారాల తర్వాత మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర ఒక ఆటో పక్కన ఆగి, డ్రైవర్ తల బయటపెట్టి, "అన్నా, బ్రేకు కొడితే ఎడమ లైట్ వస్తలేదు, జరంతయితే గుద్దేటోణ్ణి" అన్నాడు. రెండు వారాలు ఒంటి బ్రేకు లైటుతో ఊరంతా తిరిగాను.

ఇంటికొచ్చి హోల్డరు విప్పితే సంగతి అర్థమైంది. లోపల ఇత్తడి రేకు మీద పాచి రంగులో పొడి పేరుకుని ఉంది. ఏళ్ల నాటి తేమకి ఇత్తడి అలా అవుతుంది. ఉప్పు కాగితాన్ని పెన్సిల్ మొనకి చుట్టి రేకు పసుపు రంగుకి తిరిగేదాకా రుద్దాను. స్ప్రింగులు కూడా చూడాలి. బల్బుని పైకి నెట్టే బలం లేకుండా చతికిలబడి ఉంటే ఆ హోల్డర్ని మార్చేయడమే. వేడికి ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకి వచ్చినా అంతే.

బల్బుల్లో తేడా తెలుసుకోండి. అడుగున రెండు సీసం చుక్కలు ఉండేది డబుల్ కాంటాక్ట్ బల్బు, 21/5 వాట్లు. అందులో వెలిగే తీగలు రెండు ఉంటాయి. 5 వాట్లది రాత్రి నిండా వెలిగే టెయిల్ లైటు, 21 వాట్లది బ్రేకు. ఈ బల్బుకి పక్కన ఉండే రెండు మేకులు ఒకే ఎత్తులో ఉండవు, తలకిందులుగా పెట్టకుండా అలా చేశారు. వెళ్లకపోతే బలవంతం చేయకుండా తీసి సగం చుట్టు తిప్పి పెట్టండి. అడుగున ఒకే చుక్క ఉండేది సింగిల్ కాంటాక్ట్, 21 వాట్లు. ఇండికేటర్‌కి, రివర్స్‌కి అదే. దాన్ని అరిగిపోయిన డబుల్ హోల్డర్లో ఇరికిస్తే ఒక్క చుక్క రెండు రేకులకీ తగిలి రెండు లైన్లు కలిసిపోతాయి. అప్పుడు హెడ్ లైట్లు వేస్తే బ్రేకు లైట్లు వెలగడం లాంటి దయ్యాల చేష్టలు మొదలవుతాయి.

ఇండికేటర్ గది గ్లాసు తెల్లగా ఉంటే పసుపు బల్బు వేయాలి, గ్లాసే పసుపు అయితే మామూలు బల్బు. పసుపు బల్బు మేకులు ఎదురెదురుగా కాకుండా కాస్త వంకరగా ఉంటాయి కాబట్టి ఒకదాని చోట ఒకటి పట్టదు. కొనేటప్పుడు చూసుకోండి.

పాత బల్బు గాజు లోపల నల్లటి మసి కనిపిస్తే, ఇంకా వెలుగుతున్నా సరే మార్చేయండి. తీసేటప్పుడు గుడ్డతో పట్టుకుని లోపలికి నొక్కి ఎడమకి తిప్పాలి. ఇరుక్కున్న బల్బు వట్టి చేత్తో పిండితే గాజు పగిలి వేలు తెగుతుంది. షాపతను ఎల్‌ఈడీ బల్బులు అంటగట్టబోతే వద్దనండి. ఈ లైట్ల లోపలి వెండి గిన్నెని మామూలు బల్బు తీగ ఉండే చోటుని బట్టి తీర్చారు. చవక ఎల్‌ఈడీ పెడితే మధ్యలో చుక్కలా మెరుస్తుంది, చుట్టూ చీకటి. ఇండికేటర్‌లో పెడితే కరెంటు తక్కువ లాగడంతో, ఇండికేటర్ని వెలిగించి ఆర్పే ఫ్లాషర్, బల్బే పోయిందనుకుని టకటకా కొట్టుకుంటుంది.

మిగిలింది ఎర్తు. పాత కార్ల లైట్ల రోగాల్లో సగం దీనివే. బ్రేకు నొక్కితే పక్కనున్న ఇండికేటర్ మసకగా వెలుగుతుందా? ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దానితో పాటు మిణుకు మిణుకుమంటుందా? బల్బుల తప్పు కాదు. కరెంటు తిరిగి వెళ్లే ఎర్తు దారి మూసుకుపోయి, పక్క బల్బు తీగలోంచి దొంగదారి వెతుక్కుంటోంది. పరీక్ష తేలిక. బ్యాటరీ కలిపి లైటు వేసి, ఒక తీగ ముక్కని ఒక చివర హోల్డర్ ఎర్తు రేకుకి, రెండో చివర పెయింటు లేని బాడీ బోల్టుకి ఆనించండి. మసక బల్బు ఒక్కసారిగా భగ్గుమంటే ఎర్తే దోషి. నల్ల తీగ వెంట వెళ్తే డిక్కీలో ఎక్కడో ఒక బోల్టు కింద దాని రింగు బిగించి ఉంటుంది. బోల్టు విప్పి, రింగుని, కింద రేకుని గీకి, కాస్త గ్రీజు పూసి మళ్లీ బిగించండి. తీగ రంగులు కారుని బట్టి మారతాయి, ఒకవేళ నలుపు కాకపోతే కంగారు పడకండి.

బిగించడం

బాడీ మీద లైటు కూర్చునే చోట పదేళ్ల మట్టి ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ప్లాస్టిక్ మేకులు దూరే బుష్షులు విరిగి ఉంటే కొత్తవి వేయండి. లైటు చుట్టూ ఉండే స్పాంజి లాంటి బీడింగు కొత్త లైటుతో రాకపోతే పాతదాన్ని జాగ్రత్తగా తీసి అమర్చండి, చీకిపోయి ఉంటే షాపులో అడిగి కొత్తది వేసుకోండి. కొందరు చుట్టూ సిలికాన్ పూసేస్తారు. లైటు అడుగున గాలి, తేమ పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది, సిలికాన్‌తో అది పూడితే లోపల నీటి ఆవిరి పట్టి అక్వేరియం అవుతుంది.

హోల్డర్లు కుడికి తిప్పి బిగించి, కప్లర్ టక్కుమనేదాకా నెట్టండి. స్క్రూలు వేయకముందే బ్యాటరీ కలిపి ఒకసారి అన్నీ వెలుగుతున్నాయో లేదో చూడండి, లేకపోతే మళ్లీ విప్పే పని. తర్వాత మేకులు బుష్షుల్లోకి గురిచూసి అరచేత్తో నెట్టి, స్క్రూలు వేళ్లతో తిప్పి, ఆఖరి చుట్టు మాత్రం స్క్రూడ్రైవర్‌తో. బిగుసుకోగానే ఆపేయండి. ఇంకో అర చుట్టు అని అత్యాశ పడితే కొత్త లైటు చెవి విరుగుతుంది.

వెనక నిలబడి చూడండి

మనిషి తోడు ఉంటే సుఖం. మా పై ఫ్లోర్ అంకుల్ వెనక నిలబడి, "ఎడమది వచ్చింది బాబూ, ఇప్పుడు బ్రేకు నొక్కు... ఆఁ, రెండూ వచ్చాయి" అని ఒక్కోటీ చెప్పారు. ఒక్కరే అయితే ఫోన్లో వీడియో ఆన్ చేసి కారు వెనక ఒక స్టూలు మీద నిలబెట్టి, లోపల కూర్చుని ఒక్కోటీ వేయండి: పార్కింగ్ లైటు, బ్రేకు, ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్. రివర్స్ లైటుకి ఇంజను ఆపే ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి ఆన్ చేసి, గేరు మాత్రం వేయాలి. ఆఖరున పార్కింగ్ లైటు వెలుగుతుండగా బ్రేకు, ఇండికేటర్ రెండూ కలిపి వేయండి. ఒక్కోటిగా బాగున్నవి అన్నీ కలిసినప్పుడు మసకబారితే మళ్లీ ఎర్తు దగ్గరికే. పనిలో పనిగా నంబరు ప్లేటు లైటు కూడా చూసేయండి, అది పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు.

అస్సలేదీ వెలగకపోతే స్టీరింగు కింద ఫ్యూజు పెట్టె తెరిచి టెయిల్, స్టాప్ అని రాసి ఉన్నవి చూడండి. ఫ్యూజు పోయి ఉంటే అదే నంబరుది వేయండి. మళ్లీ పోతే ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది. పెద్ద నంబరు ఫ్యూజు వేశారో, అక్కడ ఫ్యూజుకి బదులు తీగ కాలుతుంది.

ఆ తర్వాత మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు డిక్కీ కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, కింద గుంటలో చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే బీడింగు సరిగా కూర్చోలేదు. రెండు స్క్రూలే కదా, విప్పి మళ్లీ సర్దండి.